మైకమ్మ మూగనోము

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు డిపోలో ఎవరికీ గుర్తులేదు. డ్రైవర్లు మైకమ్మ అన్నారు, మెకానిక్కులు మైకమ్మ అన్నారు, చివరికి జీతాలిచ్చే గుమస్తా కూడా మైకమ్మ అనే పిలిచాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా సిటీ బస్సులో కండక్టరు. ఫుట్‌బోర్డు మీద నిలబడి స్టాపు పేరు అరిచిందంటే పక్క వీధిలో నడిచేవాళ్ళు కూడా ఆగి చూసేవారు. టికెట్టు తీసుకోకుండా కిటికీలోంచి ఆకాశం చూసేవాణ్ణి, నిద్ర నటించేవాణ్ణి, ముసలివాళ్ళ సీట్లో కాళ్ళు బారజాపుకున్నవాణ్ణి, అందరినీ ఆ గొంతుతోనే దారిలో పెట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె లెక్కలో నోరు పెద్దదైతే చాలు, ఊరు దానంతటదే మంచిదవుతుంది.

అలాంటి మనిషికి గొంతు పోయింది.

రిటైరైన ఏడాదికి బొంగురు మొదలైంది. జలుబన్నారు, పడిశమన్నారు, మిరియాలన్నారు. చివరికి డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూసి, "అరిచి అరిచి లోపల కాయలు కాశాయమ్మా" అన్నాడు. ఆపరేషన్ చేసి వాటిని తీసేశారు. కొన్ని వారాలు పెదవి విప్పకూడదు, గుసగుసలు అసలే కూడదు. ఆ తరవాత రోజూ సాధన చేస్తే గొంతు వస్తుంది, అశ్రద్ధ చేస్తే రాదు. వచ్చినా ఏ గొంతు వస్తుందో ఇప్పుడే చెప్పలేమని కూడా అన్నారు. మైకమ్మ అన్నిటికీ తలూపి ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు లారీ డ్రైవరు, బండెక్కితే వారానికి గానీ దిగడు. కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం; కోడలిది వెనక గది. రోజంతా ఆ గరగర మధ్య ఉండి వచ్చే పిల్ల గనక ఇంట్లో చప్పుడు చేయదు. మాట నెమ్మది, నడక నెమ్మది. "నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో తెలుసుకోవడానికి నేను లెక్కెట్టుకోవాలే" అని అత్త దెప్పేది. దెప్పడమంటే అదొక్కటే కాదు. పప్పులో ఉప్పు దగ్గర నుంచి తలుపు గడియ దాకా దేనికైనా ఒక మాట ఉండేది. ఆపరేషన్ అయిన వార్త విని పైవాటాలో ఆవిడ, "ఆ కోడలికి మంచిరోజులొచ్చాయి" అందట. ఆ మాట మైకమ్మ చెవిన పడింది. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. పలుకు ఎలాగూ లేదు.

కావలసినవి రాసి చూపించమంటే ఆమె రాయదు. కళ్ళజోడు వెతికి, కాగితం వెతికి, "కూర మాడింది" అని రాసేసరికి తిట్టులో పస పోతుందని ఆమె అభిప్రాయం. అందుకని ఒక చెంచా పట్టుకుని కుర్చీ చేతి మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, లేదా రెండు దెబ్బలు. అంతకు మించి భాష లేదు.

కోడలికి ఒక పిచ్చి ఉంది. పని నుంచి వచ్చి, మొహం కడుక్కుని, టీవీ ముందు కూర్చుని వీడియో గేము ఆడుతుంది. కాపురానికి వచ్చేటప్పుడు బట్టల పెట్టెలో అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే భద్రంగా సర్దుకొచ్చింది ఆ ఆట డబ్బానే. "పెళ్ళైన పిల్లవి, ఈ బొమ్మలాటలేంటే" అని అత్త అనని రోజు లేదు, "ఒక్క పది నిమిషాలత్తయ్యా" అని కోడలు అనని రోజూ లేదు. ఇప్పుడు అనడానికి అత్తకు నోరు లేదు. లేచి లోపలికి పోదామంటే హాలు తప్ప గాలి వచ్చే చోటు లేదు. మొదటి సాయంత్రం మొహం కిటికీ వైపు పెట్టుకుని కూర్చుంది. రెండో సాయంత్రం సగం తిప్పింది. ఆ తరవాత కుర్చీనే తిప్పుకుంది.

ఆటలో ఒక చలి దేశం. ఊళ్ళల్లో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఒక పిల్ల కొండ కొమ్మున ఉన్న నిప్పు తేవడానికి బయలుదేరింది. అది అసలు కథ. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు తగులుకుంటారు. మేక తప్పిపోయింది వెతికి పెట్టు, నూతిలో చేద పడింది తీసి పెట్టు, పక్క ఊళ్ళో మా అక్కకి ఈ దుప్పటి ఇచ్చి రా. చేసినా కథ నడుస్తుంది, చేయకపోయినా నడుస్తుంది. కోడలు వాటిని పక్క పనులంటుంది. మధ్యమధ్య దారికడ్డంగా ఎవడో ఒక గండరగండడు నిలబడతాడు. వాణ్ణి కొట్టకుండా ముందుకు పోవడానికి లేదు. ఇదంతా కోడలు మెల్లగా చెబుతుంటే మైకమ్మకు ఇట్టే అర్థమైంది. ఇది రూటే. చివరి స్టాపు ఒకటుంది, మధ్యలో చెయ్యెత్తేవాళ్ళున్నారు, ఎక్కడో ఒకచోట చెకింగువాళ్ళున్నారు.

అందరినీ ఎక్కించుకుంటూ పోతే బండి ఎప్పటికీ చేరదని ఆమెకు బాగా తెలుసు. అందుకే కోడలు "కొండకు పోయే వంతెన వైపు పోదామా అత్తయ్యా?" అని అడగ్గానే చెంచాతో టకటకమని రెండు కొట్టింది.

"వద్దా? సరే, మేక సంగతి చూద్దాం" అంది కోడలు.

మైకమ్మ తెల్లబోయింది. మేక దొరికింది. "ఇప్పుడు పోదామా?" టకటక. "ఇంకా వద్దా? అయితే చేద తీద్దాం." చేద అయ్యాక దుప్పటి, దుప్పటి అయ్యాక మళ్ళీ ఎవరిదో మేక. వారమంతా అదే వరస. పగతీర్చుకుంటోందని అత్తకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళ తిట్లకీ ఒక్కసారే బదులు తీరుస్తోంది, తీర్చుకోనీ అనుకుని పళ్ళు బిగబట్టింది. తిండి దగ్గరా అంతే. "ఇంకో గరిటె జావ వెయ్యనా?" అంటే చాలని ఒకటి కొడుతుంది. గరిటెడు వచ్చి పడుతుంది. మళ్ళీ ఒకటి కొడుతుంది. మళ్ళీ గరిటెడు. ఆకలేసిన రోజున రెండు కొడితే గిన్నె లోపలికి వెళ్ళిపోతుంది. కోడలేమో మనసులో మురిసిపోతోంది: బయటికి అంత కరుకుగా కనిపించే అత్తయ్యకు ఆ ఆటలో ఊరివాళ్ళంటే ఎంత జాలి!

ముడి విప్పింది కొడుకు. వారం తిరిగి లారీ దిగి, స్నానం చేసి, ముగ్గురూ తిండికి కూర్చున్నప్పుడు తల్లికి వడ్డించబోయాడు. ఆమె చెంచాతో ఒకటి కొట్టింది. అతను గరిటె వెనక్కి తీసుకున్నాడు.

"అదేంటి, అత్తయ్య కావాలంది కదా" అంది కోడలు.

"ఎక్కడంది? ఒకటి కొడితే ఆపమని."

"ఒకటంటే అవును, రెండంటే వద్దు కాదూ?"

కొడుకు ముందు తల్లి మొహం చూశాడు, తరవాత పెళ్ళాం మొహం చూశాడు. "ఒక గంట కొడితే బండి ఆగాలి, రెండు కొడితే కదలాలి. నేను పుట్టినప్పట్నుంచీ ఈ ఇంట్లో అదే చట్టం. నీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పాల్సిన మనిషికి నోరు లేదు. కోడలి చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "అయితే వారం నుంచీ అత్తయ్య పోదాం పోదాం అంటుంటే..." అంటూ లెక్క మొదలుపెట్టింది. మేకలు, చేదలు, దుప్పట్లు, కడుపు పట్టనంత జావ. మైకమ్మ భుజాలు కదలసాగాయి. నవ్వు గొంతులోంచి రాకూడదు గనక కళ్ళలోంచి వచ్చింది. కొంగుతో తుడుచుకున్నకొద్దీ వచ్చింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే సంగతికి నవ్వుకోవడం అదే మొదలు.

మర్నాడు వంతెన వైపు బయలుదేరారు. వంతెన మొదట్లో ఇనప ఒంటి కాపలావాడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. మైకమ్మ చెప్పిన డిపో కబుర్లలో గేటు దగ్గర అచ్చం అలాగే నిలబడే మేనేజరొకడు ఉండేవాడు, కోడలికి గుర్తొచ్చింది. "మేనేజరు గారు" అని పేరు పెట్టింది. మేనేజరు గారు ఒక్క దెబ్బతో పిల్లను నదిలోకి విసిరేశారు. మళ్ళీ వెళితే మళ్ళీ విసిరేశారు. ఆ సాయంత్రమంతా పిల్లకు నదీస్నానాలే.

"బలం చాలడం లేదత్తయ్యా. ఇంకొన్ని పక్క పనులు చేసి వద్దాం" అంది కోడలు. చేసి వచ్చారు. ఇంకో మందు సీసా దొరికింది, మంచి బల్లెం దొరికింది. అయినా కోడలు వంతెన దాకా వెళ్ళి, మేనేజరు నీడ కనబడగానే వెనక్కి తిరిగేది. ఊళ్ళో ఒక ముసలాయన ఏదో పోగొట్టుకున్నాడని గుర్తొచ్చేది. వెనక కుర్చీలోంచి టకటకమని ఎంత మోగినా, "రేపు, రేపు తప్పకుండా" అనేది.

కోడలికి భయమని అత్త కనిపెట్టేసింది. అలాంటి భయం ఆమెకూ ఉంది మరి.

మూగనోము గడువు అయిపోయింది. గొంతు సాధన నేర్పే అమ్మాయి ఆసుపత్రిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని, గ్లాసుడు నీళ్ళలో గొట్టం పెట్టి బుడగలు ఊదుతూ సన్నగా "ఊ" అనమంది. బుడగలు వచ్చాయి. "ఊ" రాలేదు. మళ్ళీ ఊదింది. గాలి వచ్చింది, అంతే. "మొదట్లో అందరికీ అంతేనమ్మా, ఇంటిదగ్గర రోజూ చెయ్యండి" అని ఆ అమ్మాయి భుజం తట్టింది. మైకమ్మ ఇంటికొచ్చి గ్లాసు తీసి బల్ల మీద పెట్టి, దాన్ని చూసి, కిటికీ తెరలన్నీ విప్పి ఉతికేసింది.

మర్నాడు డబ్బాలు తోమింది. ఆ మర్నాడు అటక దులిపింది. కొడుకు చొక్కాలకు ఊడని బొత్తాలు కూడా మళ్ళీ గట్టిగా కుట్టింది. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు. ఊదకపోతే ఇంకా ఆశ ఉంటుంది. ఊది, రాకపోతే, ఇక రాదని తేలిపోతుంది. ఒకప్పుడు నిండు బస్సును ఒక్క కేకతో వెనక్కి జరిపిన మనిషి, నోట్లోంచి వట్టి గాలి వస్తుంటే వినలేకపోయింది.

కోడలు వచ్చేసరికి ఇల్లు అద్దంలా మెరుస్తోంది, గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. నాలుగు రోజులు చూసి ఊరుకుంది. ఐదో రోజు చెప్పులు విడిచి, చేతిసంచి దించకుండానే అత్త ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, ఒక మాటంటాను, కోప్పడకండి. మనిద్దరం ఒకే బాపతు. నేను మేనేజరుకు జడిసి మేకల వెంట పడుతున్నాను. మీరు గ్లాసుకు జడిసి అటకెక్కుతున్నారు."

మైకమ్మ చెంచా ఎత్తింది. ఆపమని ఒకటి కొట్టబోయి, కొట్టలేదు.

"ఒప్పందం చేసుకుందాం" అంది కోడలు. "రోజూ ముందు పోరు. చెయ్యి అలవక ముందే నేను మేనేజరు దగ్గరికి పోతాను. నేను నదిలో పడ్డప్పుడల్లా మీరొకసారి ఊదాలి. ఇద్దరం కాసేపు ఓడిపోదాం. తరవాత ఒక్కటంటే ఒక్క పక్క పని, చల్లబడడానికి. మీరు కూడా అప్పుడు ఏదో ఒక డబ్బా తోముకోండి. ఆఖర్న తినే ముందు, కథ కొంచెం ముందుకు నడిచి ఉంటే ఆ కొత్త సంగతి చూద్దాం. ఎప్పుడాపాలో మీరే చెప్పాలి. నాకు ఉక్రోషం వస్తే ఆపడం తెలీదు."

ఇంత పొడుగు మాట ఆ పిల్ల నోట అత్త ఎన్నడూ వినలేదు. తను ఎడతెరిపి లేకుండా మాట్లాడుతుంటే ఆ పిల్లకు సందెక్కడిది? ఆ సంగతి ఆమెకు ఆ క్షణాన తోచి గుండెలో కలుక్కుమంది. చెంచాతో రెండు కొట్టింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలకు ఒక పద్ధతి వచ్చింది. పిల్ల నదిలో పడేది, గ్లాసులో బుడగలు లేచేవి. ఆట ఆడే కోడలికి బుడగల చప్పుడు, బుడగలు ఊదే అత్తకు దెబ్బల చప్పుడు. కోడలి మొహం ఎర్రబడి పళ్ళు నూరడం మొదలుపెట్టగానే వెనక నుంచి ఠక్కున ఒకటి మోగేది. కోడలు ఒక్కోసారి "ఇంకొక్కసారి అత్తయ్యా" అని బతిమాలేది. మళ్ళీ ఒకటి మోగేది. బండి ఆగాల్సిందే. అప్పుడు ఇద్దరూ తీరిగ్గా ఎవరి మేకనో వెతికిపెట్టేవారు. మొదట్లో విసుగు పుట్టించిన ఆ మేకలే ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉన్నాయి. దెబ్బలు తిన్నాక ఊళ్ళోకి వస్తే ముసలాయన "చల్లగా ఉండు బిడ్డా" అనడం, అది బొమ్మ మాటే అయినా, మైకమ్మకు నచ్చేది.

కోడలు ఆడుతూ మాట్లాడేది. అత్త జవాబు చెప్పలేదు గనక ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. చిన్నప్పుడు తల్లి పోతే పిన్ని ఇంట్లో పెరగడం, ఆ ఇంట్లో ఎవరూ కసురుకోకపోవడం, ఎవరూ పలకరించకపోవడం, మేడమెట్ల కింద ఒంటరిగా పాత ఆటలు ఆడుకోవడం. "ఇక్కడికొచ్చిన మొదటి రోజే చెప్పులు గుమ్మంలో విడిచినందుకు మీరు తిట్టారు చూడండి, ఆ రోజు నాకు భలే సంతోషమేసింది. హమ్మయ్య, నన్ను ఎవరో చూస్తున్నారు అనుకున్నాను" అంది ఒకరోజు, కళ్ళు టీవీ మీద నుంచి తిప్పకుండా. మైకమ్మ గొట్టం నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. బుడగలు రాలేదు.

ఒక సాయంత్రం ఆమె ఊదుతుంటే పక్క గదిలో ఎవరో మూలిగినట్టనిపించింది. తల తిప్పి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ ఊదింది. మళ్ళీ మూలుగు. కోడలు ఆట ఆపేసి వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, అది మీరే" అంది. తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టుంది ఆ ధ్వని. గొప్పదేం కాదు. అయినా సొంతది. ఆ పూట మైకమ్మ నీళ్ళన్నీ అయిపోయేదాకా ఊదింది. ఈసారి ఒకటి కొట్టి ఆపాల్సింది కోడలైంది.

ఆ తరవాత కొద్ది రోజులకే మేనేజరు గారు కూలారు. కోడలు ఆ రోజు ఎగబడలేదు. వాడు దుడ్డుకర్ర ఎత్తినప్పుడు పక్కకు జరిగింది, దించినప్పుడు ఒక్కటి పొడిచింది, మళ్ళీ జరిగింది. అత్యాశకు పోలేదు. వాడు మోకాళ్ళ మీద పడి, వంతెన మీంచి దొర్లి, తను ఇన్నాళ్ళూ పిల్లను తోసిన నదిలోనే పడ్డాడు. కోడలు కేకలు వేయలేదు. ఆట రిమోటు ఒళ్ళో పెట్టుకుని అరచేతులు చూసుకుంది. "చేశాం" అంది. వెనక చెంచా టకటకలాడింది, ముందుకు పోనివ్వమని.

వంతెన అవతల కథ చాలా ఉంది. తొందరపడలేదు. రోజూ కొంచెం పోరు, కొంచెం మేకలు, కొంచెం కథ. ఆసుపత్రిలో మైకమ్మ "అమ్మ" అంది, "ఆవు" అంది, బడిలో చేరిన పిల్లలా. ఇంట్లో మాత్రం మాట విప్పలేదు. ఆ కొత్త గొంతు ఆమెకే పరాయిది. మోటుగా, బరువుగా ఉంది. మైకమ్మ గొంతు కాదది. ఇంత ఎదురుచూపుల తరవాత ఈ గొంతేనా అని కోడలి మొహం చిన్నబోతే తట్టుకోలేననుకుంది.

సాధన నేర్పే అమ్మాయి అది పసిగట్టింది. "ఇవాళ ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడండమ్మా. ఫోనులో సైగలు పనికిరావు, చెంచా పనికిరాదు. గొంతు ఒక్కటే దిక్కు" అంది. మైకమ్మ ఇంటికొచ్చి ఫోను ముందు కూర్చుంది. కొడుకు బండి మీద ఉంటాడు, ఆ వేళ కదిలించకూడదు. అయినా ఎవరికి చెయ్యాలో ఆమెకు తెలుసు. చెప్పాల్సిన మాట ఎన్నో సాయంత్రాలు బుడగల వెనక అల్లుకుని పెట్టుకుంది. మంచినీళ్ళు తాగింది. కొంగు సర్దుకుంది. కోడలి సెల్లు వెనక గది చప్పుడులో వినపడదని దుకాణం నంబరుకే కొట్టింది.

"కళ్ళద్దాల దుకాణమండీ, చెప్పండి." కోడలి గొంతే. ముందు గదిలో మనిషి లేనట్టుంది. వెనకాల యంత్రం గరగర.

మైకమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసింది. చెయ్యి చెంచా కోసం తడుముకుంది.

"చెప్పండి, వినపడుతోంది."

"నేను" అంది మైకమ్మ.

"ఏ ఆర్డరు సార్? నిన్న ఇచ్చినవైతే ఇంకా అద్దాలు బిగించలేదు సార్, సాయంత్రం రండి."

మైకమ్మకు చుర్రుమంది. ఆ చుర్రే సాయం చేసింది.

"సారేంటే సారు. మీ అత్తని."

అటువైపు ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, వెనక గదిలోకి పరుగెత్తిన అడుగుల చప్పుడు. యంత్రం గరగర తగ్గి ఆగిపోయింది. మైకమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. "ఉన్నావా?" అంది.

"ఉన్నానత్తయ్యా." కోడలు రొప్పుతోంది. "ఇంకేదైనా అనండి."

"ఏమనను?"

"ఏదో ఒకటి. తిట్టండి. మీరు నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో."

మైకమ్మ నోరు తెరిచింది. బస్సుల్లోనూ ఇంట్లోనూ ఏనాడూ తిట్టుకు కరువెరగని మనిషి. పప్పు తలుచుకుంది, గడియ తలుచుకుంది, గుమ్మంలో చెప్పులు తలుచుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు.

"నిన్ను తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదే" అంది, ఒక్కో మాటకూ ఆగి, బొంగురుగా. "ఈ గొంతు నువ్వు పెట్టిందే తల్లీ. ఆ మాట చెబుదామనే చేశాను."

అటు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. ఇటూ అదే పని నడుస్తోంది. దుకాణంలోకి ఎవరో వచ్చినట్టున్నారు, "ఏమైందమ్మా, ఏడుస్తున్నావు?" అంటున్నారు. కోడలు ఫోను చెవికి దూరంగా తీసినా, ఆమె చెప్పిన జవాబు మైకమ్మకు స్పష్టంగా వినపడింది.

"ఏం లేదండీ. మా అత్తయ్య ఫోనులో మాట్లాడుతున్నారు."